పై అంతస్తులో వైఫై తెగిపోతోందా? లోపం ఎక్కడుందో వరసగా పట్టుకోవడం ఎలా

"మూడో ఫ్లోర్లో వైఫై రావట్లేదు" అన్న ఫిర్యాదు వచ్చిందంటే మామూలుగా జరిగేవి రెండే. ఎవరో వెళ్లి రౌటర్ ఆపి మళ్లీ వేస్తారు. రెండు రోజుల తర్వాత అదే ఫిర్యాదు వస్తే అక్కడ ఇంకో యాక్సెస్ పాయింట్ (వైఫై సిగ్నల్ పంచే పెట్టె) తగిలిస్తారు. మొదటి పనితో లోపం కాసేపు దాక్కుంటుంది, రెండో పనితో చాలాసార్లు ముదురుతుంది.

ఆ ఒక్క ఫిర్యాదు వెనక ఐదు వేర్వేరు లోపాలు ఉండొచ్చు. సిగ్నల్ అందకపోవడం, సిగ్నల్ నిండుగా ఉన్నా ఛానెల్ రద్దీగా ఉండి వంతు రాకపోవడం, ఐపీ అడ్రస్ (నెట్‌వర్క్‌లో పరికరానికి ఇచ్చే నంబరు) దొరకకపోవడం, యాక్సెస్ పాయింట్‌కి వెళ్లే కేబుల్ గానీ కరెంటు గానీ సరిగా లేకపోవడం, అసలు బయటి ఇంటర్నెట్ లైనే మొరాయించడం. దేని మందు దానిదే. అందుకే ఇది ఏ లోపమో తేలేదాకా సెట్టింగుల జోలికి పోకండి.

ముందు ఫిర్యాదులు రాసుకోండి

రెండు మూడు రోజుల పాటు ప్రతి ఫిర్యాదుకీ ఇవి రాయండి: సమయం, అంతస్తు, కూర్చున్న చోటు, ఏ పరికరం, ఏం చేస్తుండగా తెగింది, పక్కవాళ్లకి ఆ సమయంలో ఎలా ఉంది. సగం రోగనిర్ధారణ ఈ కాగితం మీదే అయిపోతుంది.

ఒక్కరికే వస్తే లోపం ఆ ల్యాప్‌టాప్‌లో వెతకండి. ఒక గదిలో అందరికీ వస్తే ఆ గదికి దగ్గరి యాక్సెస్ పాయింట్, దాని కేబుల్. అంతస్తు మొత్తానికీ ఒకేసారి పోతే ఆ అంతస్తు స్విచ్ (కేబుళ్లన్నీ కలిసే నెట్‌వర్క్ పెట్టె), లేదా దాన్ని కింది ర్యాక్‌కి కలిపే లింకు. భవనమంతా ఒకేసారి ఆగితే రౌటర్, డీహెచ్‌సీపీ (పరికరాలకి ఐపీ అడ్రస్‌లు పంచేది), డీఎన్‌ఎస్ (వెబ్‌సైట్ పేరును దాని అడ్రస్‌గా మార్చేది), ఇంటర్నెట్ లైను. పొద్దున అందరూ వచ్చాకే మొదలైతే అడ్రస్‌లు అయిపోవడమో, ఛానెల్ రద్దీయో. నడుస్తూ మాట్లాడేటప్పుడే కాల్ తెగితే రోమింగ్, అంటే ఒక యాక్సెస్ పాయింట్ నుంచి ఇంకోదానికి మారడం. భోజనాల వేళ ప్యాంట్రీ చుట్టుపక్కల మాత్రమే నెమ్మదిస్తే మైక్రోవేవ్ ఓవెన్. అది సరిగ్గా 2.4 గిగాహెర్ట్జ్ బ్యాండ్‌లోనే పనిచేస్తుంది.

లోపం గాల్లో ఉందా, వైర్లో ఉందా?

ఫిర్యాదు వచ్చిన చోటే ఛార్జర్ పెట్టిన ల్యాప్‌టాప్‌తో కూర్చోండి. ఫోన్‌తో ఈ పరీక్ష చేయొద్దు. బ్యాటరీ ఆదా కోసం ఫోన్ తన రేడియోను మధ్యమధ్యలో నిద్రపుచ్చుతుంది కాబట్టి, నెట్‌వర్క్ బాగున్నా పింగ్ (పలకరింపు పంపి జవాబు ఎంతసేపట్లో వచ్చిందో కొలిచే కమాండ్) ఎగుడుదిగుడుగా కనిపిస్తుంది.

విండోస్‌లో రెండు కమాండ్ ప్రాంప్ట్ కిటికీలు తెరవండి. ఒకదాంట్లో మీ గేట్‌వే, అంటే మీ రౌటర్, అడ్రస్‌కి పింగ్ పెట్టండి. ఐపీకాన్ఫిగ్ కమాండ్ కొడితే డిఫాల్ట్ గేట్‌వే ఎదురుగా ఆ అడ్రస్ ఉంటుంది. రెండోదాంట్లో 8.8.8.8కి, అంటే బయట ఇంటర్నెట్‌లో ఉన్న గూగుల్ సర్వర్‌కి పెట్టండి. చివర ఖాళీ వదిలి హైఫన్, టీ అక్షరం చేరిస్తే మీరు ఆపేదాకా నడుస్తుంది. మ్యాక్‌లో అవేవీ అక్కర్లేదు, మామూలుగానే ఆగకుండా నడుస్తుంది. రెండింటినీ ఒక పదిహేను నిమిషాలు అలా వదిలేయండి.

గేట్‌వే నుంచి జవాబు 2 నుంచి 10 మిల్లీసెకన్లలో నిలకడగా వస్తూ, 8.8.8.8 మాత్రం ఎగిరెగిరి పడుతుంటే మీ వైఫైకి ఏ జబ్బూ లేదు, లోపం బయటి లైనులో ఉంది. రెండూ నిలకడగానే ఉండి వెబ్‌సైట్లు తెరుచుకోకపోతే డీఎన్‌ఎస్ చూడండి. గేట్‌వే వరసే 3, 4, 3, 212, 340, ఆ తర్వాత "రిక్వెస్ట్ టైమ్డ్ అవుట్" అని వస్తుంటే లోపం మీ భవనంలోనే ఉంది. అప్పుడు అదే ల్యాప్‌టాప్‌కి కేబుల్ పెట్టి, అదే అంతస్తు స్విచ్ నుంచి, వైఫై ఆపేసి మళ్లీ పింగ్ చేయండి. కేబుల్ మీద శుభ్రంగా వస్తే లోపం గాల్లో గానీ, యాక్సెస్ పాయింట్ దగ్గర గానీ ఉన్నట్టు. కేబుల్ మీద కూడా అలాగే వస్తే వైఫై సెట్టింగుల్ని ముట్టుకోవద్దు, స్విచ్‌లూ లింకులూ చూడాలి.

కొన్ని ఫైర్‌వాల్‌లు పింగ్‌కి జవాబివ్వకుండా సెట్ చేసి ఉంటాయి. అలాంటి చోట ఎప్పుడూ ఆన్‌లో ఉండే, కేబుల్ మీద ఉన్న సర్వర్‌కో ప్రింటర్‌కో పింగ్ పెట్టుకోండి.

కేబుల్, కరెంటు

చాలామంది దీన్ని చివరికి నెట్టేస్తారు. నిజానికి ముందు చూడాల్సింది ఇదే, పావుగంట పని.

యాక్సెస్ పాయింట్లన్నిటినీ ఒకేచోట నుంచి నడిపే కంట్రోలర్‌లో గానీ, యాక్సెస్ పాయింట్ పేజీలో గానీ అది ఎంతసేపటి నుంచి ఆన్‌లో ఉందో కనిపిస్తుంది. మిగతావన్నీ నలభై రోజుల నుంచి నడుస్తుంటే ఒక్కటి మాత్రం మూడు గంటలే చూపిస్తోందంటే అది తనంతట తాను రీబూట్ అవుతోంది. కారణం చాలావరకు కరెంటే. కేబుల్ ద్వారా కరెంటిచ్చే పీఓఈ స్విచ్‌లలో రకాలున్నాయి: 802.3ఏఎఫ్ అయితే పోర్టుకి 15.4 వాట్లు, 802.3ఏటీ అయితే 30 వాట్లు. కేబుల్‌లో పోయేది పోగా పరికరానికి అందేది 12.95, 25.5 వాట్లు మాత్రమే. 802.3ఏటీ కోరే కొత్త యాక్సెస్ పాయింట్‌ని పాత ఏఎఫ్ స్విచ్‌కి తగిలిస్తే అది వెలుగుతుంది, కానీ కొన్ని రేడియోలు ఆపేసుకునో, పవర్ తగ్గించుకునో పనిచేస్తుంది. పైకి అంతా బాగున్నట్టే ఉంటుంది.

పోర్టు లెక్క సరిపోయినా స్విచ్ మొత్తం లెక్క సరిపోకపోవచ్చు. ఒక్కోటి 18 వాట్లు లాగే యాక్సెస్ పాయింట్లు ఎనిమిది ఉంటే 144 వాట్లు కావాలి. స్విచ్ మొత్తం బడ్జెట్ 120 వాట్లే అయితే అందరూ పనిలో ఉన్నప్పుడు ఏదో ఒకటి ఆరిపోతుంది.

తర్వాత ప్రతి పోర్టు లింక్ స్పీడ్ చూడండి. గిగాబిట్‌కి కేబుల్‌లోని ఎనిమిది తీగలూ కావాలి. వాటిలో ఒక్కటి కనెక్టర్‌లో సరిగా కూర్చోకపోయినా లింకు 100 మెగాబిట్లకి పడిపోవచ్చు, పైకి ఏ ఎర్రర్ కనిపించదు. 100 అని ఉన్న పోర్టు దొరికితే ముందు ప్యాచ్ కార్డ్ మార్చండి, అప్పటికీ మారకపోతే రెండు చివర్లూ మళ్లీ క్రింప్ చేయించండి. సీఆర్‌సీ ఎర్రర్ల (దారిలో పాడై చేరిన డేటా) లెక్క పెరుగుతూ పోతున్నా ఇదే మందు. ప్యాచ్ కార్డులతో కలిపి మొత్తం పొడవు 100 మీటర్లు దాటకూడదు. అంతస్తులు ఎక్కి, కారిడార్ చుట్టి వచ్చే కేబుల్ ఈ హద్దు దాటడం తేలిక. చౌకగా దొరికే రాగి పూత పూసిన అల్యూమినియం కేబుల్‌ని పీఓఈకి వాడొద్దు. దాని నిరోధం ఎక్కువ, వేడెక్కుతుంది, చివరికి వోల్టేజి చాలదు.

అంతస్తుల మధ్య మెష్ (కేబుల్ లేకుండా యాక్సెస్ పాయింట్లు గాల్లోనే కలుపుకునే పద్ధతి) పెట్టి ఉంటే అదీ అనుమానించండి. ఒకే రేడియో మీద ఒకచేత్తో అందుకుని ఇంకోచేత్తో అందించే మెష్‌లో ఒక్కో అంచెకి వేగం దాదాపు సగమవుతుంది. దానికి తోడు ఆ లింకు కాంక్రీటు స్లాబ్‌నీ, అందులోని ఇనుప చువ్వల్నీ దాటి రావాలి. ఆఫీసులో అంతస్తు నుంచి అంతస్తుకి క్యాట్ 6 కేబుల్ లాగడమే మార్గం. ఇందులో బేరాల్లేవు.

అంతస్తుకో రౌటర్ పెట్టిన ఆఫీసుల్లో

ఇళ్లలో వాడే రౌటర్లనే అంతస్తుకొకటి పెట్టుకున్న చిన్న ఆఫీసుల్లో గొడవ చాలావరకు సిగ్నల్‌ది కాదు, అడ్రస్‌లది. ప్రతి రౌటర్ తన సొంత డీహెచ్‌సీపీతో, తన సొంత నెట్‌వర్క్ నడుపుతుంటుంది. రెండో అంతస్తు నుంచి మూడో అంతస్తుకి వెళ్లగానే ల్యాప్‌టాప్ ఐపీ మారిపోతుంది, కాల్ తెగుతుంది, కింది అంతస్తు ప్రింటర్ కనపడకుండా పోతుంది. ప్రధాన రౌటర్ ఒక్కటే రౌటర్‌గా ఉండాలి. మిగతా ప్రతిదాన్నీ ఇలా మార్చండి:

1. సెట్టింగుల్లో యాక్సెస్ పాయింట్ మోడ్ ఉంటే అది ఎంచుకోండి, పని అక్కడితో అయిపోతుంది. లేకపోతే కింది మూడూ మీరే చేయాలి.

2. దాని డీహెచ్‌సీపీ సర్వర్ ఆపేయండి.

3. దాని లాన్ (లోపలి నెట్‌వర్క్) అడ్రస్ మార్చండి. ప్రధాన రౌటర్ 192.168.1.1 అయి, అది 100 నుంచి 250 వరకు అడ్రస్‌లు పంచుతుంటే, వీటికి 192.168.1.2, 192.168.1.3 ఇలా ఆ పరిధికి బయట ఇవ్వండి.

4. ప్రధాన రౌటర్ నుంచి వచ్చే కేబుల్‌ని వ్యాన్ (బయటి లైను) పోర్టులోంచి తీసి లాన్ పోర్టులో పెట్టండి.

మోడ్ ఏదైనా సరే, వైఫై పేరు, పాస్‌వర్డ్, సెక్యూరిటీ రకం మూడూ అన్ని అంతస్తుల్లో అక్షరం పొల్లు పోకుండా ఒకటే ఉండాలి. అంతస్తు నంబరు తగిలించి వేర్వేరు పేర్లు పెట్టడం చూడ్డానికి బాగుంటుంది. కానీ అలా పెడితే ల్యాప్‌టాప్ పాత పేరును చివరి గీత దాకా వదలదు, వదిలాక మొదటి నుంచి కనెక్ట్ అవ్వాలి.

పెద్ద ఆఫీసుల్లో అడ్రస్ సమస్య ఇంకోలా వస్తుంది. 255.255.255.0 మాస్క్‌తో (నెట్‌వర్క్ ఎంత పెద్దదో చెప్పే అంకె) దొరికేవి 254 అడ్రస్‌లు. తొంభై మంది ఉద్యోగులు ఒక్కొక్కరు ల్యాప్‌టాప్, ఫోన్, వాచీ తెస్తే 270 కావాలి. అతిథుల ఫోన్లు వచ్చి పోతుంటాయి, వాటికిచ్చిన అడ్రస్ గడువు 24 గంటలుంటే వాళ్లు వెళ్లిపోయినా అడ్రస్ వెనక్కి రాదు. విండోస్ ల్యాప్‌టాప్‌కి 169.254తో మొదలయ్యే ఐపీ వచ్చిందంటే దానికి డీహెచ్‌సీపీ నుంచి అడ్రస్ దొరకలేదన్నమాట. అతిథుల నెట్‌వర్క్‌కి గడువు రెండు గంటలు, ఉద్యోగులకి ఎనిమిది గంటలు పెట్టండి. అప్పటికీ చాలకపోతే మాస్క్ 255.255.254.0 చేస్తే 510 అడ్రస్‌లు వస్తాయి.

ఐపీ వచ్చింది గానీ మీ వరసది కాకుండా వేరే వరసది వచ్చిందా? అంటే ఎవరో ఇంటి రౌటర్ తెచ్చి గోడ పోర్టుకి గుచ్చారు, అది కూడా అడ్రస్‌లు పంచుతోంది. స్విచ్‌లలో డీహెచ్‌సీపీ స్నూపింగ్ (అనుమతి లేని చోటు నుంచి అడ్రస్‌లు పంచనివ్వని సెట్టింగ్) ఆన్ చేస్తే ఆ బెడద ఇక ఉండదు. అలాగే ఒకే కేబుల్ రెండు చివర్లనీ రెండు గోడ పోర్టుల్లో పెట్టేస్తే లూప్ ఏర్పడి అంతస్తంతా చచ్చుబడుతుంది. స్విచ్ లైట్లన్నీ ఒకేసారి పిచ్చిగా మెరుస్తుంటాయి. ఇలాంటి లూప్‌ని పసిగట్టి ఆపే స్పానింగ్ ట్రీ ఆన్‌లో ఉందో లేదో చూడండి.

సిగ్నల్‌ని అంకెల్లో చూడండి

వైర్ల వైపు శుభ్రంగా ఉందని తేలాక రేడియో వైపు రండి. గీతలు లెక్కపెట్టొద్దు, అంకెలు తీసుకోండి. మ్యాక్‌లో ఆప్షన్ కీ నొక్కి పట్టుకుని వైఫై గుర్తు మీద క్లిక్ చేస్తే సిగ్నల్, నాయిస్, ఛానెల్, బీఎస్‌ఎస్‌ఐడీ (ఏ యాక్సెస్ పాయింట్ రేడియోదో చెప్పే గుర్తింపు నంబరు) అన్నీ కనిపిస్తాయి. విండోస్‌లో "నెట్‌ష్ వ్లాన్ షో ఇంటర్‌ఫేసెస్" కమాండ్ సిగ్నల్‌ని శాతంలో ఇస్తుంది. 100 శాతం అంటే మైనస్ 50 డీబీఎం (సిగ్నల్ బలానికి కొలత, సున్నాకి ఎంత దగ్గరైతే అంత బలం), ఒక్కో శాతానికి అర డెసిబెల్ చొప్పున తగ్గించుకోండి. 66 శాతం అంటే మైనస్ 67, సగం అంటే మైనస్ 75. ఆండ్రాయిడ్‌లో వైఫై అనలైజర్ యాప్ ఏదైనా సరిపోతుంది.

వీడియో కాల్స్‌కి మైనస్ 67 లేదా అంతకంటే మెరుగ్గా ఉండాలి. మైనస్ 75 దగ్గర మెయిల్ నడుస్తుంది, కాల్ ముక్కలవుతుంది. మైనస్ 80 దాటితే ఉన్నా లేనట్టే. సిగ్నల్‌కీ నాయిస్‌కీ మధ్య తేడా 25 డెసిబెల్స్ ఉంటే హాయి.

కొలిచేటప్పుడు బల్ల ఎత్తులో, మనుషులు ఉన్న వేళలో, మీటింగ్ గది తలుపు మూసి కొలవండి. ప్రతి చోటా బీఎస్‌ఎస్‌ఐడీ రాసుకోవడం మరవొద్దు. ఏ బీఎస్‌ఎస్‌ఐడీ ఏ అంతస్తు యాక్సెస్ పాయింట్‌దో ముందే ఒక పట్టిక వేసుకోండి. మూడో అంతస్తు ల్యాప్‌టాప్ తల మీదున్న యాక్సెస్ పాయింట్‌ని వదిలేసి రెండో అంతస్తుదాన్ని పట్టుకుని వేలాడుతోందన్న సంగతి ఈ పట్టికలోనే బయటపడుతుంది.

ఛానెళ్లు, పవర్

2.4 గిగాహెర్ట్జ్‌లో 1, 6, 11 తప్ప వేరే ఛానెల్ పెట్టొద్దు, వెడల్పు 20 మెగాహెర్ట్జ్ దాటొద్దు. "అందరూ 6లో ఉన్నారు, మనం 4 వేద్దాం" అనేది తప్పు లెక్క. ఒకే ఛానెల్‌లో ఉన్న పరికరాలు ఒకదాని మాట ఒకటి విని వంతులు వేసుకుంటాయి. పక్క ఛానెల్ సగం మీద పడితే మాట అర్థం కాదు, రొదగా మాత్రమే వినపడుతుంది. పైగా ఈ బ్యాండ్ స్లాబ్‌ని 5 గిగాహెర్ట్జ్ కంటే తేలిగ్గా దాటుతుంది, కాబట్టి మూడు ఛానెళ్లు మూడు అంతస్తులకి చాలవు. సగం యాక్సెస్ పాయింట్లలో 2.4 రేడియోని ఆపేయండి. మిగిలినవి ప్రింటర్లకీ పాత పరికరాలకీ సరిపోతాయి.

ల్యాప్‌టాప్‌లన్నీ 5 గిగాహెర్ట్జ్ మీద ఉండాలి. ఇక్కడ 80 మెగాహెర్ట్జ్ వెడల్పు చూసి మురిసిపోవద్దు, స్పీడ్ టెస్ట్‌లో అంకె పెద్దగా కనిపించడానికే తప్ప నలుగురు వాడేచోట అది పనికిరాదు. 36, 40, 44, 48, 149, 153, 157, 161 ఛానెళ్లు 20 వెడల్పుతో ఎనిమిది విడివిడి దారులు. 40 చేస్తే నాలుగే, 80 చేస్తే రెండే. అంతస్తుకి మూడు చొప్పున మూడంతస్తులంటే తొమ్మిది యాక్సెస్ పాయింట్లు. 20 వెడల్పుతో అమరిక ఇలా ఉండొచ్చు: కింద 36, 149, 44, మధ్యలో 157, 40, 161, పైన 48, 153, 36. పై అంతస్తులో మళ్లీ వచ్చిన 36కీ, కింది 36కీ మధ్య రెండు స్లాబ్‌లు, భవనం ఈ చివర నుంచి ఆ చివర దాకా దూరం ఉన్నాయి. నిలువున పక్కపక్క అంతస్తుల్లో ఒకే ఛానెల్ పడకపోవడం ముఖ్యం. 149 నుంచి పైవి అన్ని దేశాల్లో ఒకేలా అనుమతించరు, కాబట్టి కంట్రోలర్‌లో దేశం సరిగ్గా ఎంచుకోండి.

52 నుంచి 144 దాకా ఉన్న ఛానెళ్లని రాడార్లతో పంచుకోవాలి. రాడార్ సంకేతం వినపడితే యాక్సెస్ పాయింట్ ఆ ఛానెల్ వదిలి పారిపోవాల్సిందే. అలాంటి ఇంకో ఛానెల్‌కి వెళ్తే కనీసం 60 సెకన్లు చెవొగ్గి విన్నాకే ప్రసారం మొదలుపెడుతుంది. అప్పుడప్పుడూ ఒక నిమిషం పాటు ఒకే మూల అందరికీ పోయి దానంతట అదే వస్తుంటే లాగ్‌లో రాడార్ అన్న మాట వెతకండి. దొరికితే ఆ ఒక్కదాన్ని 36–48 మధ్యకి మార్చండి.

పవర్ విషయంలో మాత్రం అందరి చెయ్యీ పైకే పోతుంది. తగ్గించండి. యాక్సెస్ పాయింట్ గొంతు చించుకుని అరిస్తే కింది అంతస్తు ఫోన్‌కి వినపడుతుంది, ఆ ఫోన్ గొణుగుడు మాత్రం దీనికి వినపడదు. నిండు గీతలు ఉండి కూడా ఏదీ తెరుచుకోని పరిస్థితి ఇలాగే వస్తుంది. 5 గిగాహెర్ట్జ్‌లో 14 నుంచి 17 డీబీఎం, 2.4లో దానికి 6 డెసిబెల్స్ తక్కువ పెట్టి చూడండి. తగ్గించాక ఏదైనా మూల మైనస్ 67 కంటే పడిపోతే అక్కడ నిజంగానే ఇంకో యాక్సెస్ పాయింట్ కావాలన్నమాట.

ఇంకో రెండు సెట్టింగులు. కనీస డేటా రేటు 12 మెగాబిట్లు చేసి, 1, 2, 5.5, 11 రేట్లు ఆపేయండి. దూరంగా ఉండి నత్తనడకన మాట్లాడే పరికరాలు ఛానెల్‌ని కబ్జా చేయడం తగ్గుతుంది. పాత బార్‌కోడ్ స్కానర్లుంటే ముందు వాటిని ఒకదానితో పరీక్షించండి, అవి ఆ పాత రేట్ల మీదే ఆధారపడి ఉండొచ్చు. వైఫై పేర్లు మూడు నాలుగు మించొద్దు. ప్రతి పేరుకీ ప్రతి రేడియో సెకనుకి దాదాపు పదిసార్లు బీకన్ పంపుతుంది, ఎవరూ వాడకపోయినా సరే. ఛానెల్ యుటిలైజేషన్ (ఛానెల్ ఎంతసేపు బిజీగా ఉందో చెప్పే శాతం) 50 శాతం దాటి నిలిచిపోతుంటే ఎన్ని గీతలున్నా లాభం లేదు.

ఎక్కడ బిగించారో చూడండి

ఫాల్స్ సీలింగ్ పైన, ఏసీ డక్ట్ పక్కన దాచిన యాక్సెస్ పాయింట్‌ని కిందికి తెచ్చి పలక కింద బిగించండి. సీలింగ్ కోసం చేసినదాన్ని గోడకి కొడితే దాని సిగ్నల్ అడ్డంగా పరచుకోవాల్సింది పైకీ కిందికీ పోయి పక్క అంతస్తుల్ని చెడగొడుతుంది. నిలువు యాంటెన్నా పుల్లలున్న రౌటర్ సిగ్నల్ పక్కలకి బలంగా, పుల్ల కొనవైపు బలహీనంగా ఉంటుంది, అందుకే సరిగ్గా దాని పై గదిలో కూర్చున్నవాళ్లకే అందదు. కారిడార్ పొడవునా వరసగా పెట్టడం కూడా వద్దు. అవన్నీ ఒకదానికొకటి వినపడతాయి, గదుల్లోకి మాత్రం గోడలు దాటి వెళ్లాలి. అంతస్తుల మధ్య ఖాళీ వదిలిన హాలు ఉంటే రెయిలింగ్‌కి దూరంగా జరపండి. లిఫ్ట్‌లో కాల్ తెగడం గురించి ఖర్చు పెట్టకండి, అదొక ఇనప పెట్టె.

నడిచేటప్పుడు తెగుతుంటే

ఏ యాక్సెస్ పాయింట్‌కి మారాలో నిర్ణయించేది మీ నెట్‌వర్క్ కాదు, చేతిలోని పరికరం. ఐఫోన్ మైనస్ 70 దగ్గర, మ్యాక్ మైనస్ 75 దగ్గర కొత్తదాని కోసం వెతకడం మొదలుపెడతాయి. పవర్ ఎక్కువ పెట్టిన చోట ఆ హద్దు ఎప్పటికీ రాదు, అందుకే పాతదాన్నే పట్టుకుని ఉంటాయి. పరికరం మంచి యాక్సెస్ పాయింట్‌ని ఎంచుకోవడానికి సాయపడే 802.11కే, 802.11వీ సెట్టింగులు ఆన్ చేయండి. మారే తతంగాన్ని కుదించే 802.11ఆర్‌ని మాత్రం విడిగా ఒక పరీక్ష నెట్‌వర్క్‌లో పెట్టి చూశాకే అందరికీ ఇవ్వండి, కొన్ని పాత పరికరాలు అది ఆన్‌లో ఉంటే అసలు కనెక్టే కావు. అంతస్తులకి వేర్వేరు వీల్యాన్‌లు (ఒకే స్విచ్‌ల మీద విడదీసిన నెట్‌వర్క్‌లు) ఇచ్చి ఉంటే అంతస్తు మారినప్పుడల్లా ఐపీ మారుతుంది; మనుషులు తిరిగే నెట్‌వర్క్‌ని ఒకే వీల్యాన్‌లో ఉంచండి.

ఒక్క ల్యాప్‌టాప్‌దే గొడవైతే

వైఫై డ్రైవర్‌ని తయారీదారు సైట్ నుంచి తెచ్చి వేయండి. డివైస్ మేనేజర్‌లో ఆ అడాప్టర్ పవర్ మేనేజ్‌మెంట్ ట్యాబ్ తెరిచి, కరెంటు ఆదా కోసం దాన్ని ఆపే టిక్కు తీసేయండి. ఇంటెల్ అడాప్టర్లలో రోమింగ్ అగ్రెసివ్‌నెస్ అని ఐదు మెట్ల సెట్టింగ్ ఉంటుంది. మధ్యలో ఉన్నదాన్ని ఒక మెట్టు పెంచి చూడండి. యూఎస్‌బీ 3 హబ్ గానీ డాక్ గానీ తగిలించినప్పుడే నెమ్మదిస్తే అది 2.4 గిగాహెర్ట్జ్‌లో విడిచే రొదే కారణం. ఆ ల్యాప్‌టాప్‌ని 5 గిగాహెర్ట్జ్‌కి మార్చండి.

దేన్ని మార్చినా ఒకసారికి ఒక్కటే మార్చి, అవే చోట్ల, అదే వేళకి మళ్లీ కొలవండి. మొదట్లోనే లోపం బయటి లైనుదని తేలితే ప్రధాన రౌటర్‌కి కేబుల్‌తో కలిపిన ల్యాప్‌టాప్ మీద ఒక పనిదినమంతా 8.8.8.8 పింగ్ నడిపి, తెగిన సమయాలతో సహా ఆ ఫైల్‌ని సర్వీసు ఇచ్చేవాళ్లకి పంపండి. "మీ వైఫైలో ఉందేమో చూసుకోండి" అన్న జవాబుకి అప్పుడు చోటుండదు.